పైన ఆగడానికి వేరే టిక్కెట్టు

మొన్న వేసవిలో మా సత్యక్క మనవరాలి పుట్టినరోజని, రాజమండ్రి దాటాక హైవే పక్కన కొత్తగా కట్టిన పెద్ద పార్కుకి నన్నూ తీసుకెళ్ళారు. అలాంటి చోట్లంటే నాకు మోజు లేదు. ఇన్నేళ్ళు స్కూల్లో పిల్లల గోల విని రిటైరైనదాన్ని, మళ్ళీ డబ్బులిచ్చి అదే గోల వినడమెందుకు అనుకుంటాను. కానీ సత్యక్క పిలిస్తే వెళ్ళకుండా ఉండలేను. వెళ్ళకపోతే తను అక్కడ ఏమేం అనుభవిస్తోందో తెలియక ఇంట్లో కూర్చుని సగం చస్తాను. వెళితే కళ్ళారా చూసి కుళ్ళుకోవచ్చు. ఈ వయసులో ఇదేం బుద్ధి అని మీరనుకున్నా నేను చేయగలిగిందేమీ లేదు.

సత్యక్క మా పెదనాన్న కూతురు. నాకంటే మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలల కోసం జీవితమంతా అక్కా అని పిలుస్తున్నాను. తన కొడుకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. కారు, డ్రైవరు, మాట నెమ్మదిగా మాట్లాడే కోడలు మాధవి, పుట్టినరోజు పిల్ల హాసిని, అన్నీ సత్యక్కవే. గేటు దగ్గర టిక్కెట్టు కొన్నాక ఇంక ఖర్చు అయిపోయిందనుకున్నాను. అసలు సంగతి అక్కడే మొదలైంది. సామాన్లు పెట్టుకోవడానికి వేరే కట్టాలి. నీళ్ళలో దిగే బట్టలకి వేరే. ఫొటోకి వేరే. గంటలకొద్దీ లైన్లో నిలబడకుండా పక్క గేటులోంచి నేరుగా వెళ్ళిపోవాలంటే మణికట్టుకి బంగారు రంగు పట్టీ వేయించుకోవాలి, దానికి మరీ వేరే. మాధవి నా వైపు తిరిగి, "చిన్నత్తయ్యగారూ, మీక్కూడా గోల్డ్ బ్యాండ్ తీసుకోమంటారాండి?" అంది. "నాకెందుకమ్మా అవన్నీ, నేనేం ఎక్కుతానా దిగుతానా, ఆ నీలందే చాలు" అన్నాను. మా కాలంలో ఇలా అంటే అవతలివాళ్ళు చెయ్యి పట్టుకుని, ఒట్లు పెట్టి, నాలుగుసార్లు బతిమాలేవారు. ఐదోసారికి తలూపుదామని నేనూ సిద్ధంగానే ఉన్నాను. ఈ కాలం పిల్లలు ఒక్కసారే అడుగుతారు. "సరేనండి" అని మాధవి మూడు బంగారు పట్టీలు, ఒక నీలం పట్టీ కొనేసింది.

పార్కు చుట్టూ తిరిగే బొమ్మ రైలు దగ్గర నీలం పట్టీల వాళ్ళ లైను పాములా మెలికలు తిరిగి ఉంది. ఎండలో, చెమటలు కక్కుతూ, ముందు నిలబడ్డవాళ్ళ బాబు నా చీర కొంగుతో ఆడుకుంటుంటే నిలబడ్డాను. పక్క గేటు తెరుచుకుంది. సత్యక్క కోడలి చెయ్యి పట్టుకుని, పెళ్ళిలో పెద్దముత్తైదువలా, మా అందరి పక్కనుంచి దర్జాగా నడిచి వెళ్ళింది. రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "రత్నం, అక్కడే ఉండవే, ఓ రౌండు తిరిగి వచ్చేస్తాం!" అని అరిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై ఏళ్ళుగా నేను అక్కడే ఉన్నాను. తను రౌండ్లు తిరిగి వస్తూనే ఉంది.

మా ఊరు నరసాపురానికీ పాలకొల్లుకీ మధ్యన, కాలవ గట్టు మీద. ఇంట్లో మామ్మ, అమ్మ, నాన్న, సత్యక్క వాళ్ళమ్మ దొడ్డమ్మ, మేమిద్దరం. పెదనాన్న సత్యక్క నడక కూడా నేర్వకముందే పోయాడట. నాన్న రైసుమిల్లులో కాటా దగ్గర పని చేసేవాడు. బళ్ళ మీద వచ్చిన ధాన్యం బస్తాలు తూచి లెక్క చెప్పడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల దగ్గర్నుంచి కాళ్ళ దాకా తవుడు. అలాగే లోపలికి రానిచ్చేది కాదు మామ్మ. నూతి దగ్గర చేదలకొద్దీ నీళ్ళు పోసుకునేవాడు. ఆ నీళ్ళు తెల్లగా అరటిపాదుల్లోకి పారేవి, అందులో తవుడు కోసం కోళ్ళు పరిగెత్తుకొచ్చేవి. స్నానం చేసినా తవుడు వాసన పూర్తిగా వదిలేది కాదు. కాస్త తీపి, కాస్త ముక్కిపోయిన బియ్యం కలిసిన వాసన. ఇప్పటికీ ఏ మిల్లు పక్కనుంచి బస్సు వెళ్ళినా నేను కిటికీ మూయనివ్వను.

అమ్మా దొడ్డమ్మా మధ్యాహ్నం వంటపని తెమిలాక అరుగు మీద కూర్చుని లేసు అల్లేవారు. నరసాపురం నుంచి వచ్చే ఏజెంటు తెల్లదారపు ఉండలు ఇచ్చి, అల్లినవి తీసుకెళ్ళేవాడు. దారానికి మరక అంటితే ఆ ముక్క పనికిరానట్టే. అందుకని ఇద్దరూ కుంకుడురసంతో చేతులు కడుక్కుని, ఒళ్ళో ఉతికిన పాత తుండు పరుచుకుని కూర్చునేవారు. ఆ సమయంలో మేము దగ్గరికి వెళితే చేతిలోని కొక్కెం సూది చూపించి అరిచేది అమ్మ. అమ్మ ఒళ్ళో దారం ఉండేది, నాన్న ఒంటి మీద తవుడు ఉండేది. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునే తీరిక ఉన్నది మామ్మ ఒక్కర్తికే. మామ్మ చుట్ట తాగేది. ఆ చుట్ట కంపు భరిస్తేనే ఒళ్ళు దొరికేది. అది కూడా సత్యక్క లేచి వెళ్ళాకే నాకు.

మామ్మకి ఒక్కటే మాట, తండ్రిలేని పిల్ల. ఊక పొయ్యి మీద కంచుగిన్నెలో మినపరొట్టె కాలితే, అడుగున ఎర్రగా కరకరలాడే పెచ్చు సత్యక్కకి. మధ్యలో మెత్తటిది నాకు. కొత్త రిబ్బన్లు కొంటే ముందు రంగు ఏరుకునేది తను. మడత మంచం మీద గోడవైపు పడుకునేది తను. నేను మూతి ముడుచుకుంటే మామ్మ చుట్ట నోట్లోంచి తీసి, "దానికెవరున్నారే పాపం, తండ్రిలేని పిల్ల. నీకు మీ నాన్న నిక్షేపంలా ఉన్నాడు కదా" అనేది. అంటే మా నాన్న బతికి ఉన్నాడు కాబట్టి నాకు పెచ్చు లేదు. పిల్లదాన్ని, నాకు అలాగే అర్థమైంది. తప్పుగా అర్థమైందని ఇప్పటికీ అనుకోను.

మామ్మ సంగతి వదిలేద్దాం. నాకు అసలు కడుపుమంట నాన్న మీద. మిల్లు నుంచి వస్తూ చొక్కా జేబులో బెల్లంముక్క తెస్తే, "సత్యా, ఇలా రామ్మా" అని ముందు తననే పిలిచేవాడు. తనని అమ్మా అనేవాడు, నన్ను ఒసేయ్ అనేవాడు. తను ఏదైనా చెబుతుంటే చేస్తున్న పని ఆపి వినేవాడు. నేను చెబితే "ఊఁ ఊఁ" అంటూ పలుపుతాడు పేనుకునేవాడు.

మా వైపు జాతరని తీర్థం అంటారు. కోతలయ్యాక మా ఊరి అమ్మవారి తీర్థం జరిగేది. రెండు రోజుల ముందు నుంచే కాలవ గట్టు మీద పాకలు లేచేవి. జీళ్ళ పాకం కాగే వాసన, ఖర్జూరం గుట్టల మీద ఈగలు, పెట్రోమాక్స్ లైట్ల బుస. వాటన్నిటి మధ్యా రంగులరాట్నం. ఇప్పటిలా కరెంటుది కాదు. నిలువుగా తిరిగే పెద్ద కర్ర చట్రం, దానికి నాలుగు చెక్కపెట్టెలు, ఇద్దరు మనుషులు చేత్తో తిప్పేవారు. ఎక్కడానికి ఒక టిక్కెట్టు. ఇంకో టిక్కెట్టు కొంటే మన పెట్టె సరిగ్గా పైకి వెళ్ళినప్పుడు కాసేపు ఆపేవారు. ఊళ్ళో అది కొనేవాళ్ళు బహు కొద్దిమంది. కరణంగారి పిల్లలూ, మిల్లు ఓనరుగారి పిల్లలూ, ఏటేటా మా సత్యక్కా. కాటా దగ్గర పనిచేసే మనిషికి అది ఎక్కువ ఖర్చే. అయినా నాన్న కొనేవాడు.

దీంట్లో ఒక చిక్కుండేది. పైన ఉన్న పెట్టె పైనే నిలవాలంటే కింద ఉన్న పెట్టెలో కూడా సమానంగా బరువుండాలి. లేకపోతే పైది బరువుకి కిందికి జారిపోతుంది. "కిందకి బరువు కావాలండి" అనేవాడు రాట్నం తిప్పే మనిషి. నాన్న నా భుజం పట్టుకుని ముందుకి తోసేవాడు. "ఇదిగో, మా అమ్మాయి. ఇద్దరూ ఒకే తూకం. అరవీశె తేడా కూడా ఉండదు" అని గర్వంగా చెప్పేవాడు. బరువుకి ఎక్కేవాళ్ళు రాట్నం ఆగాక ఎక్కి, మళ్ళీ తిరగకముందే దిగిపోవాలి, వాళ్ళకి టిక్కెట్టు ఉండదు. అందుకని నాన్నకి ఖర్చు తప్పేది. సత్యక్క టిక్కెట్టు మీద ఎక్కేది, నేను బరువు కింద ఎక్కేదాన్ని. తను ఎంతసేపు పైన ఆగితే నేను అంతసేపు కింద, నేలకి జానెడు ఎత్తున, చుట్టూ జనం పంచెలూ మోకాళ్ళూ చూస్తూ ఆగేదాన్ని. అవి కూడా చూసేదాన్ని కాదు. మెడ వెనక్కి విరిచి పైకే చూసేదాన్ని. తన పెట్టె అడుగుచెక్కలూ, సందులోంచి ఎగిరే పావడా అంచూ తప్ప ఏమీ కనిపించేవి కావు. అయినా కళ్ళు తిప్పేదాన్ని కాదు. పైన ఏదో జరుగుతోంది, నాకు దక్కడం లేదు, అంతే నాకు తెలిసింది.

ఇంటికొచ్చాక పెద్ద సభ. అన్నాల దగ్గర సత్యక్క చేతులూపుతూ చెప్పేది. "సముద్రం కనిపించింది బాబాయ్! దాని మీద ఓడ కూడా ఉంది. లైట్లు మినుకుమినుకుమన్నాయి" అని. నాన్న ముద్ద కలపడం ఆపి వినేవాడు. దొడ్డమ్మ కళ్ళొత్తుకునేది. కింద కూర్చుని నువ్వేం చూశావే అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర అడుగుచెక్కలు తప్ప ఏమీ లేవు. అలా ఎన్ని తీర్థాలో, ప్రతి తీర్థానికీ సముద్రం ఇంకాస్త దగ్గరకొచ్చేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా వానాకాలంలో నాన్నకి జ్వరం వచ్చింది. పాలకొల్లు ఆసుపత్రికి పడవలో తీసుకెళ్ళారు. పడవలోనే తిరిగి తీసుకొచ్చారు. అప్పుడు నేనూ తండ్రిలేని పిల్లనయ్యాను. మామ్మ మినపరొట్టె పెచ్చు సమానంగా రెండు చేసి పెట్టింది. కరకరలాడే ఆ ముక్క నోట్లో పెట్టుకుని, ఇంతేనా అనుకున్నాను. ఆ తర్వాత కూడా తీర్థాలు జరిగాయి, రాట్నం వచ్చింది. దాని దగ్గరికి తీసుకెళ్ళే మనిషి మాత్రం ఇంట్లో లేడు. నా వంతు రావాల్సిన సమయానికి కొనిపెట్టే ఆయనే పోయాడు.

నాన్న తాలూకు నాకు మిగిలినవి చాలా తక్కువ. తవుడు వాసన. నూతి దగ్గర తడిసిన వీపు. ముఖం గుర్తు లేదు. మిల్లులో అందరూ నిలబడి తీయించుకున్న ఫొటోలో వెనక వరసలో ఎండకి కళ్ళు చిట్లించి ఉన్నాడు, ఆ ముఖాన్నే నాన్న ముఖం అనుకుని సర్దుకున్నాను. గుర్తున్నంత మేర ఎంత వెతికినా ఆయన నా వైపు చూస్తున్నట్టు ఒక్కటీ దొరకదు. అన్నిట్లోనూ సత్యక్క వైపే తిరిగి ఉంటాడు. పిల్లల్ని కని, పెంచి, మనవల్ని ఎత్తుకున్నాక కూడా, ఏదైనా మధ్యాహ్నం ఖాళీగా కూర్చుంటే నా మనసులోకి వచ్చే ప్రశ్న ఒక్కటే. మా నాన్నకి నేనంటే ఇష్టమేనా? అడిగి తెలుసుకోవడానికి అమ్మ లేదు, మామ్మ లేదు. ఉన్నది సత్యక్క. తనని ఎలా అడుగుతాను?

పార్కులో చివరికి అందరం జెయింటు వీల్ దగ్గరికి చేరాం. పెట్టెలు కావు, ఏసీ గదులు. అద్దాల్లోంచి గోదావరీ, రెండు బ్రిడ్జీలూ కనిపిస్తాయట. పుట్టినరోజు వాళ్ళకి, అదనంగా కడితే, గదిని పైన ఆపి, కేకు కోయించి, పాట వేస్తారట. ఆ బోర్డు రెండుసార్లు చదివాను. ఇన్నేళ్ళలో ఊక పొయ్యి పోయింది, పెట్రోమాక్స్ పోయింది, మామ్మ చుట్టలమ్మే కొట్టు పోయింది. పైన ఆగడానికి వేరే టిక్కెట్టు మాత్రం పోలేదు. అద్దాలూ కేకూ తగిలించుకుని ఇక్కడికొచ్చి కూర్చుంది. మాధవి మూడు టిక్కెట్లు తెచ్చింది. సత్యక్క తన టిక్కెట్టు నా చేతిలో పెట్టి, "నువ్వెక్కవే రత్నం. నేను కింద కూర్చుంటాను" అంది.

అంతసేపూ పళ్ళ బిగువున ఆపుకున్నది ఆ మాటతో తెగింది. "అబ్బో, ఇప్పుడు గుర్తొచ్చానా అక్కా?" అన్నాను. "చిన్నప్పుడు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నువ్వు కింద కూర్చుని నన్ను పైకి పంపించావా? మా నాన్న చెమటోడ్చి కొన్న టిక్కెట్టది. నువ్వేమో సముద్రం చూశావు, ఓడలు చూశావు. నేనేం చూశాను? నీ పెట్టె అడుగు!"

మాధవి మా ఇద్దరి ముఖాలూ చూసి, హాసినిని తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. మేం బెంచీ మీద కూర్చున్నాం. సత్యక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది.

"సముద్రం ఎక్కడిదే? ఆ రాట్నం కొబ్బరిచెట్టంత ఎత్తు కూడా లేదు. మట్టలూ, మిల్లు గొట్టమూ తప్ప ఏం కనిపిస్తాయి?" అంది.

"మరి ఆ ఓడలూ లైట్లూ?"

"బాబాయ్ అంత డబ్బు పోసి కొన్నాడు కదా, ఏం కనిపించిందమ్మా అని ఆశగా అడిగేవాడు. ఏం చెప్పమంటావు? నేను చూసింది చెప్పలేను కదా."

"ఏం చూశావేంటి?"

"కిందికే చూసేదాన్ని. మిమ్మల్నిద్దర్నీ."

నాకు అర్థం కాలేదు. సత్యక్క చెప్పుకుపోయింది. నేను కింద పెట్టెలో కూర్చోగానే నాన్న జనాన్ని తోసుకుని నా దగ్గరికి వచ్చేవాడట. తిప్పేవాళ్ళని నమ్మేవాడు కాదట. రెండు చేతులతో నా పెట్టె అంచు గట్టిగా పట్టుకుని నిలబడేవాడట, దించేదాకా. "పైనుంచి బాబాయ్, బాబాయ్ అని పిలిచేదాన్నే. ఒక్కసారి కూడా తలెత్తలేదు. నీవైపే చూసేవాడు" అంది.

"నన్నా?"

"నిన్ను కాక ఇంకెవర్నే? ఒకసారి నేనే అడిగాను. బాబాయ్, ఈసారి నేను కిందుంటాను, రత్నాన్ని పైకి పంపించు అని. 'దానికి భయమమ్మా, నువ్వు ధైర్యస్తురాలివి' అన్నాడు. నీకు భయమేంటే? చింతచెట్టు చిటారుకొమ్మ ఎక్కి కాయలు దులిపేదానివి. భయం ఎవరికో నాకు అప్పుడే తెలిసింది. నన్నైతే పైకి పంపించొచ్చు." సత్యక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఇంటికెళ్ళి అమ్మకి కూడా చెప్పలేదు. పెచ్చులు నాకు, రిబ్బన్లు నాకు. ఆ చేతులు నీకు. ఎంత కుళ్ళుకున్నానో తెలుసా నిన్ను చూసి?"

తన కుళ్ళు తనది. నాకు జాలి కలగాలి. జన్మంతా వెతుక్కున్న జవాబు దొరికినందుకు సంతోషం కలగాలి. రెండూ కలిగాయేమో, కానీ వాటి మీదుగా ఇంకోటి వచ్చి కూర్చుంది. నాన్న చేతులు నాకు రెండు పక్కలా ఉన్నాయి, ముఖం నా ముఖానికి ఎదురుగా ఉంది, నేను మెడ విరిచి చెక్కలు చూస్తున్నాను. ఆయన నన్ను చూడటం ఆయనకి తెలుసు, సత్యక్కకి తెలుసు, నాకు తెలియదు. మా నాన్న కొన్న టిక్కెట్టుతో తను చూసింది అదన్నమాట. నాకు రావాల్సిన జ్ఞాపకం, అచ్చంగా నాది, ఇన్నేళ్ళుగా తన దగ్గర భద్రంగా ఉంది. రొయ్యల చెరువులూ బంగారు పట్టీలూ చూసి కుళ్ళుకున్నది ఏపాటి కుళ్ళు? ఇప్పుడు నిజంగా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

"ఇంకేం చేసేవాడు?" అన్నాను.

"ఏముందే, నువ్వు మెడ అలా విరిస్తే జడ ఊడిపోయేది. రిబ్బను నోట్లో కరిచి పట్టుకుని, ఒంటి చేత్తో సర్దేవాడు. రెండో చెయ్యి పెట్టె మీంచి తీసేవాడు కాదు."

"ఏ చొక్కా?"

"అదేంటే, అంత ఠక్కున అడిగితే ఎలా... ఉండు, వాళ్ళు దిగొచ్చేస్తున్నట్టున్నారు. పద, లే" అని సత్యక్క బెంచీ మీంచి లేవబోయింది.

చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. కౌంటరు దగ్గరికి నడిచి, పుట్టినరోజు పాప ఉన్న గదిని ఇంకాసేపు పైనే ఆపొచ్చా అని అడిగాను. "ఎక్స్‌ట్రా టైం ఉందండి, దానికి సెపరేట్ ఛార్జ్ అండి" అంది అక్కడి అమ్మాయి. ఎంతని కూడా అడగకుండా పర్సు తెరిచాను. తిరిగొచ్చి, సత్యక్కకి ఆనుకుని కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పు అక్కా, తొందరేం లేదు. రిబ్బను నోట్లో పెట్టుకున్నప్పుడు నాన్న ముఖం ఎలా ఉండేది?"